ఎకరం కోట్లు పలికె... బతుకు ఎంత పలికె?

శంకర్‌పల్లి, మోకిల వైపు నుంచి కూరగాయల ఆటో ఎక్కి మెహిదీపట్నం రైతుబజారుకు పోయే రైతులకు నార్సింగి కొత్త ఊరేమీ కాదు. కోకాపేట దాటితే వచ్చేది అదే. 1999 జనవరిలో రైతుబజార్లు మొదలైన కొత్తలో ఆ దారిన మూటలు వేసుకొని పోయినవాళ్లకు అప్పటి నార్సింగి ఇంకా కళ్లముందే ఉంటుంది. రోడ్డుకు అటూ ఇటూ చెలకలు, బండరాళ్ల గుట్టలు, వాటి సందుల్లో సీతాఫలం చెట్లు, కుంటల కింద వరి మడులు, సాయంత్రం కాగానే దుమ్ము రేపుకుంటూ ఇళ్లకు మళ్లే బర్రెలు. ఇప్పుడు అదే చోట తలెత్తి చూస్తే తలపాగా వెనక్కి పడిపోయేంత ఎత్తు మేడలు.

ఆటోలో కూర్చున్నవాళ్లు ఆ మేడలు చూసి ఒకటే మాట అడుగుతారు. "ఇక్కడ ఎకరం ఎంత పలుకుతున్నదట?" చెప్పేవాళ్లకూ హుషారే, వినేవాళ్లకూ హుషారే. అక్కడ భూమి ఉన్న రైతు ఇప్పుడు ఎట్లా బతుకుతున్నాడని మాత్రం ఎవరూ అడగరు. ఈ వారం మన పేజీలో ఆ రెండో ప్రశ్న గురించే మాట్లాడుకుందాం. ఎందుకంటే ఇరవై ఏళ్ల కింద నార్సింగి ఎక్కడ ఉన్నదో ఈ రోజు శంకర్‌పల్లి, మొయినాబాద్, చేవెళ్ల, షాబాద్, కందుకూరు, యాచారం అక్కడ ఉన్నాయి. బ్రోకర్లు మీ గెట్టు మీదికి వచ్చే ఉంటారు.

సగటున మనమంతా లక్షాధికారులమే!

ముందు ఒక లెక్క చూడండి. తలసరి ఆదాయంలో మన రంగారెడ్డి జిల్లాది రాష్ట్రంలోనే మొదటి స్థానం. 2022-23 సంవత్సరానికి ప్రభుత్వం ప్రకటించిన లెక్కలో అది మనిషికి 9 లక్షల రూపాయల పైమాటే. అంటే అయిదుగురు ఉన్న ఇంటికి ఏడాదికి 45 లక్షలు. మీ ఇంటికి వచ్చాయా? రాకపోతే లెక్క తప్పని కాదు. జిల్లాలో తయారైన సరుకు, జరిగిన సేవలు అన్నింటి విలువనూ కలిపి జనాభాతో భాగిస్తే వచ్చేది తలసరి. గచ్చిబౌలి, నానక్‌రాంగూడ కంపెనీలు కూడా మన జిల్లాలోనివే. వాటి వందల కోట్ల వ్యాపారాన్నీ, షాబాద్ పత్తి రైతు పది క్వింటాళ్లనూ ఒకే గంపలో పోసి పంచితే సగటు అట్లాగే వస్తుంది. 2016 దాకా మన జిల్లాలోనే ఉన్న వికారాబాద్ వేరుపడ్డాక అదే తలసరి పట్టికలో అట్టడుగు వరుసలోకి చేరింది. జిల్లా గీత గీసినంత మాత్రాన అక్కడి రైతు ఒక్కరోజులో పేదవాడు కాలేదు, ఇక్కడి రైతు ధనవంతుడూ కాలేదు.

కాబట్టి బతుకు బాగున్నదా లేదా అనేది సగటు చెప్పదు, ఎకరం ధర అంతకన్నా చెప్పదు. ఇంట్లో పాలు ఎక్కడివి, నీళ్లు ఎక్కడివి, ముసలివాళ్లకు పొద్దు ఎట్లా గడుస్తుంది, ఆపద వస్తే అప్పు ఎవరిస్తారు, ఆడవాళ్ల చేతిలో నాలుగు రూపాయలు ఆడుతున్నాయా... ఇవి చూస్తేనే తెలుస్తుంది.

వేలం ధర వేరు, మీ చెలక ధర వేరు

నార్సింగి పక్కనే కోకాపేటలో హెచ్‌ఎండీఏ వేసిన నియోపొలిస్ లేఅవుట్ ప్లాట్ల వేలం గురించి మీరు పేపర్లో చదివే ఉంటారు. 2021 జూలైలో ఎకరం అత్యధికంగా 60 కోట్ల 20 లక్షలు పలికింది. 2023 ఆగస్టులో 100 కోట్ల 75 లక్షలు. 2025 నవంబరులో ఏకంగా 151 కోట్ల 25 లక్షలు. ఈ వార్త వచ్చిన మర్నాటి నుంచే చుట్టుపక్కల ముప్పై కిలోమీటర్ల దాకా చాయ్ హోటళ్లలో కూడికలు, గుణింతాలు మొదలవుతాయి.

అయితే ఒక సంగతి మరవకండి. ఆ డబ్బు సర్కారు సంస్థకు పోతుంది, రైతుకు కాదు. అమ్మింది చెలక కాదు. రోడ్లు, నీళ్లు, డ్రైనేజీ, కరెంటు అన్నీ వేసి, ఎన్ని అంతస్తులైనా కట్టుకోవచ్చని అనుమతి ఇచ్చిన ప్లాటు. ఔటర్ రింగ్ రోడ్డు పక్కనే ఉంది. ఇవేవీ లేని మీ రెండెకరాల పక్కన ఆ ధర పెట్టి చూడటం, సంతలో జత ఎడ్ల ధర విని ఇంట్లో లేగదూడకు వెల కట్టినట్టే. బ్రోకర్లు ఈ వార్తను రెండు రకాలుగా వాడతారు. కొనేవాడికి చూపించి ధర పెంచుతారు. మీ దగ్గరికి వచ్చేసరికి "మీది లోపల ఉన్నది, దారి లేదు, జీవో ఉన్నది" అని దించుతారు. మధ్యలో మిగిలేది వాళ్లది.

గండిపేట కట్ట కింద

ఊరి సంగతి కొంచెం చెప్పుకుందాం. 1908 సెప్టెంబరులో మూసీ వరద హైదరాబాద్‌ను ముంచిన తర్వాత, మళ్లీ అట్లాంటిది రాకుండా మూసీ మీద గండిపేట చెరువు (ఉస్మాన్‌సాగర్) 1920లోనూ, ఈసీ మీద హిమాయత్‌సాగర్ 1927లోనూ కట్టారు. నార్సింగి గండిపేటకు కొంచెం దిగువన, మూసీ పక్కన ఉంటుంది. నగరానికి నీళ్లు ఇచ్చిన చెరువు, కూరగాయలు, పాలు ఇచ్చిన ఊళ్లు. ఇదీ ఈ ప్రాంతం పాత పద్ధతి.

ఆ చెరువులు చెడిపోకూడదని 1996 మార్చిలో జీవో 111 వచ్చింది. పరీవాహకంలోని 84 గ్రామాల్లో పెద్ద కట్టడాలకు అడ్డుకట్ట పడింది. ఆ గ్రామాల రైతులు చాలా ఏళ్లు నార్సింగి, కోకాపేట వైపు చూసి "వాళ్లది కోట్లు, మాది కూరగాయలు" అని బాధపడ్డారు. 2022 ఏప్రిల్‌లో జీవో 69తో ఆంక్షలు సడలించారు. వాళ్ల బాధ తప్పని నేననను. నగరం నీళ్లు తాగడానికి రైతు ధర వదులుకుంటే, ఆ నష్టానికి నగరం ఏమైనా ఇవ్వాలి కదా? ఇచ్చిన పాపాన ఎవరూ పోలేదు.

ఇటు నార్సింగిలో 2008లో ఔటర్ మొదటి ముక్క గచ్చిబౌలి నుంచి శంషాబాద్ దాకా తెరిచారు. 2018లో గ్రామ పంచాయతీ పోయి పురపాలక సంఘం వచ్చింది. 2023 జూలైలో ఔటర్ ఎక్కడానికి దిగడానికి నార్సింగి ఇంటర్‌చేంజ్ వచ్చింది. అదే ఏడు అక్టోబరులో ఔటర్ వెంట 23 కిలోమీటర్ల సైకిల్ దారి వేసి పైన సోలార్ పలకల కప్పు వేశారు. ఒకప్పుడు పాల క్యాన్లు తగిలించుకొని సైకిల్ తొక్కినవాడికి చెట్టు నీడ కూడా లేదు. ఇప్పుడు ఒంట్లో కొవ్వు కరగడానికి తొక్కేవాళ్లకు కప్పు ఉంది. 2025 డిసెంబరులో నార్సింగి పురపాలికనే గ్రేటర్ హైదరాబాద్‌లో కలిపేశారు. ఏడేళ్లలో పంచాయతీ నుంచి మహానగరం. ఇంటి పన్ను ఎక్కడ కట్టాలో తెలుసుకునే లోపలే ఆఫీసు బోర్డు మారిపోయింది.

మంచి జరగలేదనడం అన్యాయం. పెద్దాసుపత్రి పది నిమిషాల దూరంలోకి వచ్చింది. కాన్పుకు బండి కట్టుకొని ఉస్మానియాకు పోయే రోజులు పోయాయి. పిల్లలకు చదువులున్నాయి, చదివినవాళ్లకు కొలువులున్నాయి. బోర్లు ఎండి అప్పుల్లో మునిగిన ఇల్లు భూమి అమ్మి గట్టెక్కిన సందర్భాలూ ఉన్నాయి. చెలక మీద బతకడం ఎంత కష్టమో మీకు నేను చెప్పనక్కరలేదు. అందుకే భూమి అమ్మినవాణ్ణి తప్పు పట్టడం ఈ రాతలో ఉద్దేశం కాదు.

ధరలో లెక్కకు రానివి

మా చిన్నాయనది కూడా ఔటర్ అంచున ఉన్న ఒక ఊరే. రోడ్డు వస్తున్న రోజుల్లో మూడెకరాలు అమ్మాడు. అప్పట్లో అది పెద్ద మొత్తం. ఇల్లు కట్టాడు, కూతురి పెళ్లి చేశాడు, ఇద్దరు కొడుకులకు పంచాడు, ఒక కారు కొన్నాడు. లెక్కలో ఎక్కడా దుబారా లేదు. తాగుబోతు కాదు, పేకాట లేదు. అయినా పన్నెండేళ్లకు చేతిలో ఏమీ మిగల్లేదు. ఎట్లా పోయిందో ఆయనకే తెలియదు. నేను కూర్చోబెట్టి రాసి చూస్తే తెలిసింది. పెద్ద ఖర్చులకు పోయింది సగమే. మిగతా సగం ఇదివరకు ఎప్పుడూ కొననివి కొనడానికి పోయింది.

అవేమిటో చూడండి. పాలు, పెరుగు, నెయ్యి. కందిపప్పు, పెసలు, మిరపకాయలు. ఆకుకూర, సొర, బీర, గోంగూర. పొయ్యిలోకి కంది కట్టె, పత్తి కట్టె. ఇంటి వాడకానికి బాయి నీళ్లు. కోళ్లు, గుడ్లు. వీటిలో ఏ ఒక్కటీ ఎకరం ధరలోకి రాదు. పట్టాలో రాయరు, రిజిస్ట్రేషన్లో లెక్క కట్టరు. రెండెకరాల రైతు ఇంట్లో ఏడాది పొడవునా నోట్లోకి పోయే దాంట్లో చాలా భాగం రూపాయి మారకుండా వచ్చేదే. భూమి పోయిన రోజు నుంచి అదంతా కిరాణా కొట్టు చిట్టాలోకి ఎక్కుతుంది.

బర్రె లెక్క వేరే చెప్పాలి. పాలిచ్చే బర్రెకు రోజుకు 25 నుంచి 30 కిలోల పచ్చిమేత, 5-6 కిలోల ఎండుమేత కావాలి. మీకు సొంత చెలక ఉంటే గెట్టు మీది గడ్డి, జొన్న చొప్ప, వరిగడ్డి, వేరుశనగ కట్టె అన్నీ మేతే. ఇక భూమి లేదనుకోండి. పచ్చిమేత కిలో 4 రూపాయల చొప్పున కొంటే రోజుకు 100 రూపాయలు. ఎండుమేత 50. మూడు కిలోల దాణా 90. మొత్తం 240. బర్రె 5 లీటర్లు అమ్మకానికి ఇస్తే, లీటరు 60 చొప్పున 300. చేతికి మిగిలేది 60 రూపాయలు. దాంట్లోనే డాక్టరు, మందులు, వట్టిపోయిన నెలల మేత. ఇవి నేను వేసిన ధరలు. మీ ఊరి ధరలు పెట్టుకొని మీరే చూడండి. మేత కొని పాడి చేయడం ఎంత కష్టమో తేలిపోతుంది. పైగా ఊరి బంచరాయి భూమి, కంచె కూడా ప్లాట్లయ్యాక పశువులు మేయడానికి చోటే లేదు. మా చిన్నమ్మ నాలుగు బర్రెలను రెండు చేసింది, రెండును ఒకటి చేసింది, మూడో ఏడు దాన్నీ అమ్మేసింది. "పెండ దీసే బాధ దప్పిందని అందరంటున్రు. గా పాలపైసలు నా చేతుల ఉండేటియి బిడ్డా" అన్నది. ఆ పాలపైసలతోనే ఆమె సంఘం వాయిదా కట్టేది, మనవడికి బిస్కట్లు కొనేది. ఇప్పుడు రెండు వందలు కావాలన్నా కొడుకు ముందు చేయి చాపాలి. భూమి అమ్మిన కోట్ల లెక్కలో ఆ రెండు వందల మాట ఎక్కడుంది?

మగవాళ్లది ఇంకో రకం. అరవై ఏళ్లు దాటిన రైతు పొలంలో ఏదో ఒక పని చేస్తూనే ఉంటాడు. మడవ మారుస్తాడు, పిట్టలు కొడతాడు, గెట్టు చెక్కుతాడు. ఇంట్లో అతని మాటకు విలువ ఉంటుంది, ఎందుకంటే రేపు ఏ చెలకలో ఏం వేయాలో అతనికి తెలుసు. భూమి పోయాక ఆ తెలివి ఎవరికీ అక్కరలేదు. మా చిన్నాయన పొద్దున అయిదుకే లేస్తాడు, అలవాటు. లేచి ఎక్కడికి పోవాలో తెలియక గేటు దగ్గర కుర్చీ వేసుకొని కూర్చుంటాడు. మూడేళ్లలో షుగరు వచ్చింది, బీపీ వచ్చింది. మందులకు నెలకు ఎంతవుతుందో అది కూడా పాత చిట్టాలో లేని ఖర్చే.

నీళ్ల సంగతి చూడండి. ఎండాకాలం వస్తే నగరం పడమటి వైపంతా ట్యాంకర్ల మీద ఆధారపడాల్సి వస్తున్నది. 2024 వేసవిలో ఐటీ కారిడార్ అంతా ట్యాంకర్ల కోసం ఎదురుచూసింది. ఆ నీళ్లు ఎక్కడి నుంచి వస్తాయి? చాలావరకు చుట్టుపక్కల పల్లెల బోర్ల నుంచే. టమాటా పండించడం కన్నా ట్యాంకర్‌కు నీళ్లు అమ్మడం లాభమని కొందరు మోటర్ కట్టకుండా నడుపుతారు. దాంతో పక్క రైతు బోరు ఎత్తిపోతుంది. భూగర్భ జలాల మీద 2002 నుంచి వాల్టా చట్టం ఉంది. పక్క బోరుకు నష్టం జరుగుతుంటే తహసీల్దారుకు రాతపూర్వకంగా ఫిర్యాదు ఇవ్వవచ్చు. ఇచ్చి రసీదు తీసుకోండి. వానాకాలంలో దీనికి పూర్తిగా ఉల్టా. గండిపేట గేట్లు ఎక్కువగా ఎత్తినప్పుడు నార్సింగి నుంచి మంచిరేవుల పోయే దారి మూసేయాల్సి వస్తున్నది. కుంటలు, వాగులు పూడ్చి కట్టినచోట నీరు ఎటు పోతుంది?

పండుగ మాట చెప్పి ఈ భాగం ముగిస్తా. బతుకమ్మకు గునుగు పువ్వు, తంగేడు ఇదివరకు పిల్లలు చెలక గెట్ల మీదినుంచి తెచ్చేవాళ్లు. ఇప్పుడు ఆ ఊళ్లలో కట్టకింత అని బజారులో కొంటున్నారు. చిన్న సంగతే. కానీ గునుగు కొనుక్కునే పల్లెను పల్లె అనాలో వద్దో నాకు తెలియడం లేదు.

భూమి లేనివాడికి ఏం దక్కింది?

ఇంతసేపూ పట్టా ఉన్నవాళ్ల మాటే చెప్పుకున్నాం. కౌలు రైతు, కైకిలి మనిషి, గొర్లకాపరి, చాకలి, మంగలి, కుమ్మరి... వీళ్లకు భూమి ధరలో పైసా రాదు, కానీ పని మాత్రం భూమితోపాటే పోతుంది. ఊరు పురపాలిక అయితే గ్రామీణ ఉపాధి హామీ పని కూడా ఉండదు. కలుపు తీసిన చేతులు అపార్టుమెంట్లలో అంట్లు తోముతాయి. నెల జీతం వస్తుంది, నిజమే. కైకిలి కన్నా నయమనే ఆడవాళ్లూ ఉన్నారు. అయితే ఇంటి కిరాయి కూడా నగరం ధరే.

ఒక సంగతి కూలీలు, కౌలుదార్లు గుర్తుపెట్టుకోవాలి. ప్రభుత్వం భూమి సేకరిస్తే వర్తించే 2013 చట్టంలో "బాధిత కుటుంబం" అంటే పట్టాదారు ఒక్కడే కాదు. సేకరణకు ముందు మూడేళ్లుగా ఆ భూమి మీద పని చేసి బతికిన కూలీలు, కౌలుదార్లు కూడా అందులోకి వస్తారు. కాబట్టి ఊళ్లో సామాజిక ప్రభావ సర్వే చేయడానికి వచ్చినప్పుడు మీ పేర్లు రాయించుకోండి. పెద్ద రైతు ఇంట్లో కూర్చొని సర్వే ముగిస్తే మీ పేరు ఉండదు.

అసైన్డ్ భూములది మరో కథ. సర్కారు పేదలకు ఇచ్చిన భూమిని అమ్మడం, కొనడం 1977 చట్టం ప్రకారం చెల్లదు. నార్సింగి పక్కన మంచిరేవులలో ఇట్లాంటి వివాదమే ఏళ్ల తరబడి నడిచి, 2022లో హైకోర్టు 142 ఎకరాలు సర్కారువేనని తీర్పు చెప్పింది. తెల్లకాగితం మీద సంతకం పెట్టించుకొని నాలుగు డబ్బులు చేతిలో పెట్టే బ్రోకరుకు ఏమీ కాదు, భూమి పోయేది మీదే. అయితే సర్కారే తన అవసరానికి అసైన్డ్ భూమి తీసుకుంటే ఉత్త చేతులతో పంపడానికి లేదు. పట్టా భూమితో సమానంగా పరిహారం ఇవ్వాలని 2004లో హైకోర్టు విస్తృత ధర్మాసనం చెప్పింది. అది మన చేవెళ్ల డివిజన్ భూసేకరణ కేసులోనే వచ్చిన తీర్పు.

సంతకం పెట్టే ముందు...

అమ్మాలా వద్దా అనేది మీ ఇంటి నిర్ణయం. కానీ పెట్టే సంతకం తెలిసి పెట్టండి.

మొదటి మాట ఆడబిడ్డల గురించి. తాతతండ్రుల ఆస్తిలో కూతుళ్లకూ కొడుకులతో సమాన వాటా ఉన్నది. ఎన్టీఆర్ హయాంలో, 1985 సెప్టెంబరు నుంచే మన రాష్ట్రంలో పెళ్లికాని ఆడపిల్లలకు ఈ హక్కు వచ్చింది. 2005 సెప్టెంబరు నుంచి దేశమంతా కూతుళ్లందరికీ వర్తించింది. ఆ తేదీకి తండ్రి బతికి ఉండకపోయినా హక్కు పోదని 2020 ఆగస్టులో సుప్రీంకోర్టు తేల్చి చెప్పింది. "పెళ్లికి కట్నం ఇచ్చినం గద" అని ఆమెకు చెప్పకుండా అమ్మినవాళ్లు ఇప్పుడు కోర్టుల చుట్టూ తిరుగుతున్నారు. భూమి లక్షల్లో ఉన్నప్పుడు అడగని చెల్లె కోట్లయ్యాక అడిగితే తప్పు ఆమెది కాదు. ముందే కూర్చొని మాట్లాడుకోండి. తోబుట్టువుల రాకపోకలు తెగిపోయిన ఇల్లు ఎంత ఎత్తు కట్టినా ఏం లాభం?

ప్రభుత్వం భూమి తీసుకునేటప్పుడు మార్కెట్ విలువకు తోడు అంత మొత్తం సోలేషియం కూడా ఇవ్వాలి. ప్రాథమిక నోటిఫికేషన్ వచ్చాక అభ్యంతరం చెప్పడానికి 60 రోజుల గడువు ఉంటుంది. పరిహారం తక్కువ అనిపిస్తే "అభ్యంతరంతో తీసుకుంటున్నాను" అని రాసి చెక్కు తీసుకోండి. ఆ ఒక్క మాట రాయకుండా తీసుకుంటే తర్వాత ఎక్కువ అడిగే దారి మూసుకుపోతుంది. ఎందరో రైతులు ఈ ఒక్క వాక్యం తెలియక నష్టపోయారు. ఈ చట్టం కింద వచ్చిన పరిహారం మీద ఆదాయపు పన్ను లేదు.

ప్రైవేటువాళ్లకు అమ్మితే పన్ను లెక్క వేరు. మారుమూల పల్లె వ్యవసాయ భూమి అమ్మితే పన్ను పడదు. కానీ పది లక్షలు దాటిన జనాభా ఉన్న నగరపాలిక హద్దు నుంచి 8 కిలోమీటర్ల లోపల ఉంటే పడుతుంది. కొలిచేది రోడ్డు దారి కాదు, గద్ద ఎగిరినట్టు నేరుగా. గ్రేటర్ హద్దు 2025లో జరిగింది కాబట్టి ఇదివరకు దూరంగా ఉన్న మీ ఊరు ఇప్పుడు దగ్గరైంది, గమనించండి. రెండేళ్లుగా మీరో మీ తల్లిదండ్రులో సాగు చేసిన భూమి అయి, అమ్మిన రెండేళ్లలో వేరేచోట వ్యవసాయ భూమి కొంటే ఆ మేరకు పన్ను తప్పుతుంది. చాలామంది ఇట్లాగే పరిగి, తాండూరు వైపు కొంటున్నారు. అక్కడి ధర కూడా అట్లాగే పెరిగి, పంట మీద ఆధారపడ్డ అక్కడి సన్నకారు రైతు ఇంకో ఎకరం కొనలేని పరిస్థితి వచ్చింది. అది మరో వారం రాయాల్సిన ముచ్చట.

డబ్బు బ్యాంకులో వేస్తే ఏమవుతుంది? 50 లక్షలు 7 శాతం వడ్డీకి వేస్తే ఏడాదికి మూడున్నర లక్షలు, నెలకు సుమారు 29 వేలు. బాగానే కనిపిస్తుంది. కానీ ధరలు ఏడాదికి 6 శాతం పెరిగితే పన్నెండేళ్లకు ఆ 29 వేలకు ఇప్పటి సగం సరుకే వస్తుంది. బ్యాంకు దివాలా తీస్తే బీమా ఒక్కో బ్యాంకులో మనిషికి 5 లక్షల దాకానే. కాబట్టి మొత్తం ఒకేచోట పెట్టకండి. ఎక్కువ వడ్డీ అని ఊళ్లో చిట్టీల్లో, తెలిసినవాడి రియల్ ఎస్టేట్‌లో పెట్టినవాళ్ల సంగతి మీకూ తెలుసు.

భూమితోపాటు పోయే మరికొన్ని ఉన్నాయి. పాసుపుస్తకం పోతే రైతుబీమా ఉండదు. 18 నుంచి 59 ఏళ్ల రైతు చనిపోతే ఇంటికి వచ్చే 5 లక్షలు అవి. 2025 జనవరి నుంచి ఎకరానికి ఏడాదికి 12 వేలుగా ఉన్న రైతుభరోసా, పీఎం కిసాన్ 6 వేలు, తక్కువ వడ్డీ పంట రుణం, అన్నీ పాసుపుస్తకానికే ముడిపడి ఉన్నాయి. అందుకే నా మాట ఒకటి. ఎంత ధర వచ్చినా మొత్తం అమ్మకండి. పది గుంటలైనా, ఇరవై గుంటలైనా, బాయి ఉన్న ముక్క వదలకండి. ఇద్దరు ముసలివాళ్లకు కూరగాయలు, రెండు బర్రెలకు కో-4 గడ్డి, ఇంటికి నీళ్లు దాంతో వెళ్తాయి. దారి కూడా ఆ ముక్కకు మీ పేరు మీదనే రాయించుకోండి. చుట్టూ ప్రహరీ కట్టాక గేటు దగ్గర మిమ్మల్నే ఆపే రోజు వస్తుంది.

కాగితాల్లో సందేహం ఉంటే బ్రోకరును అడగకండి, అమ్మేవాడి వకీలునూ అడగకండి. ఎల్‌బీ నగర్‌లోని రంగారెడ్డి జిల్లా కోర్టు ఆవరణలో జిల్లా న్యాయ సేవాధికార సంస్థ ఉంది. ఆడవాళ్లకు, ఎస్సీ, ఎస్టీలకు ఆదాయంతో పని లేకుండా అక్కడ ఉచితంగా వకీలును ఇస్తారు. మిగతావాళ్లకు ఆదాయ పరిమితి ఉంటుంది. పోయేటప్పుడు పాసుపుస్తకం, పాత పహాణీ నకళ్లు, ఆధార్, బ్రోకరు రాయించిన బయానా కాగితం ఉంటే అది, అన్నింటికీ రెండేసి జిరాక్సులు తీసి పట్టుకుపోండి.